ముత్యాలు ఇంటి ముందు టెంటు

ఆ రోజు పొద్దున మబ్బు బాగా కిందికి దిగి ఉంది. రాత్రంతా గాలి లేదు. తెల్లారినా చినుకు పడలేదు, మబ్బు విడిపోనూ లేదు. ముత్యాలు వాకిట్లో నిలబడి తల పైకెత్తి చూశాడు. టెంట్ హౌస్ నడిపే మనిషికి లేవగానే ఆకాశం చూడటం అలవాటు. వానైతే టార్పాలిన్ తీయాలి, ఎండైతే మామూలు రంగుల గుడ్డ చాలు. ఆ రోజు ఏది తీయాలో ఆయనకు అంతుపట్టలేదు.

ఇబ్రహీంపట్నంలో ఆయన టెంట్ హౌస్ పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మొదట్లో పెళ్లిళ్లూ చావులే గిరాకీ. తర్వాత ఆదిబట్ల వైపు కంపెనీలు వచ్చాయి, సాగర్ రోడ్డు పొడవునా వెంచర్లు లేచాయి, ఎప్పుడు చూసినా ఎక్కడో ఒకచోట గృహప్రవేశం. కుర్చీలు పెరిగాయి, వంట గంజులు పెరిగాయి. ఆయన మాటలు మాత్రం పెరగలేదు. శుభకార్యమైతే రెండుసార్లు ఫోన్ చేసి అడిగి గానీ సామాను పంపడు. చావు ఇంటికి మాత్రం ఫోన్ చేయడు. కబురు అందగానే టెంటు ఆటోలో వేసుకుని వెళ్లిపోతాడు. "నిజంగనే పోయిండా అని ఫోన్ల అడుగుతరా ఎవలన్న? పోయి నిలవడాలె" అంటాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటిదీ అదే పద్ధతి.

ఆయన కూతురు సంతోషి హైదరాబాదులో ఒక న్యూస్ వెబ్‌సైట్‌కు రిపోర్టరు. ఫోన్లలో జనాన్ని దోచేవాళ్ల గురించి రాస్తుంది. ఈ మధ్య రాస్తున్నది బ్యాంకు అకౌంట్లు అద్దెకిచ్చే పిల్లల గురించి. దొంగలు తాము కాజేసిన డబ్బును తమ అకౌంట్లలో వేసుకోరు. ఊళ్లలో పని లేక తిరిగే పిల్లలను పట్టి, వాళ్ల అకౌంట్లలో వేయించి, అక్కడి నుంచి దాటిస్తారు. పోలీసులు వచ్చేది పిల్లల ఇళ్లకు. దొంగలు ఎక్కడో ఉంటారు. దాని మీద రెండు భాగాలు వచ్చాయి. మూడోది, చివరిది, ఆ సాయంత్రం పంపాలి.

మొదటి భాగం వచ్చినప్పటి నుంచే వేధింపు మొదలైంది. ఎవరూ అడగని బిర్యానీలు సంతోషి పేరు మీద వచ్చి గేటు ముందు ఆగేవి. డబ్బులిస్తే గానీ పోమని తెచ్చిన పిల్లలు కూర్చునేవాళ్లు. తర్వాత తుర్కయాంజాల్‌లో ఇల్లు అద్దెకుందని ఆమె నంబరు ఎక్కడో పెట్టారు. ఫోను మోగుతూనే ఉండేది. ఆ తర్వాత ఎవరిదో ఒంటికి ఆమె ముఖం అతికించి ఆ ఫొటో చుట్టాలకు పంపారు. ముత్యాలు దాన్ని షాపులో, గిరాకీల మధ్య నిలబడి చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని కుర్చీలు లెక్కపెట్టడానికి లోపలికి వెళ్లాడు. అప్పటి నుంచి కూతురి ముఖం చూసి మాట్లాడటం లేదు. సంతోషి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. వాళ్లు వెతుకుతూనే ఉన్నారు.

"ఇయ్యాల ఎటు పోతవ్?" అని అడిగాడు ముత్యాలు, మబ్బు వైపే చూస్తూ.

"ఎటూ పోను బాపు. ఇంట్లనే కూసొని రాస్త. సాయంత్రానికి పంపాలె."

"గదేనా?"

"గదే."

అనంతమ్మ చాయ్ గ్లాసులు తెచ్చి ఇద్దరి మధ్య అరుగు మీద పెట్టింది. "చాయ్ తాగినంక కొట్లాడుండ్రి. సల్లారితే మళ్ల నేను వేడి జెయ్య" అంది.

ముత్యాలు గ్లాసు ముట్టుకోలేదు. "ఇగ సాలు బిడ్డ. ఇడ్సిపెట్టు."

"దొంగతనం వాళ్లు చేస్తే పని నేను ఇడ్సిపెట్టాల్నా?"

"ఎవలకోసం రాస్తున్నవ్? పైసలు పోయినోళ్లు వచ్చి నీ పక్కన నిలవడ్డరా? నిలవడకపోతే పాయె. నా సొంత చెల్లె నా గడప తొక్కుత లేదు."

సంతోషి తల దించుకుంది. కందుకూరులో ఉండే మేనత్త రేణుకమ్మ సంగతి అది. ఆమె కొడుకు పరశురాం అకౌంటును బ్యాంకు ఆపేసింది, పోలీసులు ఇంటికొచ్చి ప్రశ్నలు వేశారు. సంతోషి మొదటి భాగంలో ఆ సంగతి రాసింది. పేరు రాయలేదు. కందుకూరు మండలంలో ఒక యువకుడు అని మాత్రమే రాసింది. ఊరికి ఆ మాట చాలింది. మేనకోడలే తన కొడుకును బజారుకు ఈడ్చిందని రేణుకమ్మ రాకపోకలు మానేసింది. రాఖీ పండుగకు కూడా రాలేదు.

"నేను వాని పేరు రాయలే బాపు."

"పేరు రాయకున్న వాని మొకం రాసినట్టే అయింది. నీకు సదువున్నది, నీ మాట నెగ్గుతది. నాకు లేదు. నేను ఒక్కటే అడుగుతున్న. రేపు నిన్ను జూసే పిల్లగానికి గా ఫొటో పోదా? నీ అవ్వ బజార్ల నడువద్దా?"

"నన్నెందుకు గుంజుతున్నవ్ మధ్యల? నేను నడుస్తనే ఉన్న" అంది అనంతమ్మ.

ముత్యాలు అప్పుడు కూతురి వైపు తిరిగాడు. ఎన్నాళ్ల తర్వాతో నేరుగా చూశాడు. ఆయన కళ్ల కింద వాపు ఉంది. కోపంతో అరిచి ఉంటే సంతోషి ఎదురు చెప్పేది. ఆయన అరవలేదు.

"భయమైతుంది బిడ్డ" అన్నాడు. "ఎదురుంగ వచ్చెటోడైతే నేను జూసుకుంటుంటి. వీడు ఎటు దిక్కు నుంచి వస్తడో తెల్వది."

సంతోషి చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకుంది. క్రితం రోజు ఫోనుకు వచ్చిన మెసేజ్ ఆమె ఎవరికీ చెప్పలేదు. 'రేపు పొద్దుటికల్లా మూడోది ఆపుతున్నానని చెప్పకపోతే మీ ఇంటి ముందు జనాన్ని చూస్తావు' అని ఉంది అందులో. మళ్లీ బిర్యానీలు పంపుతారనుకుంది. ఇప్పుడు తండ్రి గొంతు విన్నాక ఆ సంగతి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"సరే బాపు. రాయ. మానేస్త."

ముత్యాలు తల ఊపి, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగి, గడ్డం గీసుకోవడానికి వెనక నల్లా దగ్గరికి వెళ్లాడు. అనంతమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేయబోయి ఆగింది. సంతోషి లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టి జిప్పు లాగింది.

ఆ జిప్పు చప్పుడు ఆగకముందే వాకిట్లో ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. మంచాల రోడ్డులో టెంట్ హౌస్ నడిపే మల్లా, ఇంకో పనివాడు దిగారు. ఎవరినీ పిలవకుండా గడ్డపారతో వాకిలి పక్కన గుంత తవ్వడం మొదలుపెట్టారు.

అనంతమ్మ పరుగున బయటికి వచ్చింది. "మల్లా, మేము టెంటు జెప్పలే. ఎవడో దొంగముండకొడుకు జెప్పిండు. తీస్కపో" అంది.

మల్లా గడ్డపార పక్కన పెట్టి తల మీది రుమాలు తీశాడు. ఆమె వైపు జాలిగా చూశాడు. "కూసో వదిన. నువ్వేం మాట్లాడకు. నీళ్లు తాగినవా?"

"నీళ్లేంది? నేను టెంటు వద్దంటున్న."

"పైసల ఫికర్ జెయ్యకు వదిన. అన్నకు నేను పైసలు దీసుకొని టెంటేస్తనా? ఆయన ఉన్నన్ని దినాలు నాతోని పోటీ జేసిండు గని, ఎన్నడు నా గిరాకీ గుంజుకోలే. ఆయన టెంటు ఆయనకే ఏసుడు మంచిగుండదని నాది దెచ్చిన." అతను ఆటోలోంచి టెంటు గుంజ తీశాడు.

"ఎవలకు ఏమైందిరా?" అంది అనంతమ్మ.

అప్పుడే ముత్యాలు లుంగీ మీద, ఒక చెంపకు సబ్బు నురగతో, చేతిలో రేజరుతో ఇంటి పక్క నుంచి వచ్చాడు. "నా వాకిట్ల నీ టెంటేంది మల్లా?"

మల్లా చేతిలోని గుంజ జారి ఆటో మీద పడింది. పనివాడు రెండు అడుగులు వెనక్కి వేశాడు. తర్వాత మల్లా జేబులోంచి ఫోన్ తీసి, ముత్యాలుకు తగలకుండా దూరం నుంచే చూపించాడు.

శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు. దాని కింద దండ వేసిన ముత్యాలు ఫొటో. గుండెపోటుతో అకాల మరణం, అంత్యక్రియలు ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు, బంధుమిత్రులు గమనించగలరు. ముత్యాలు దాన్ని రెండుసార్లు చదివాడు.

"పన్నెండింటికేందిరా, కందుకూర్లకెల్లి వచ్చెటోళ్లకు టైమియ్యకుంట" అన్నాడు.

సంతోషి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆ మెసేజ్‌లో జనం అంటే ఏమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది.

పైవాటాలో అద్దెకుండే వీర్రాజు మెట్లు దిగి వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి, ఆదిబట్లలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఫోన్ చూసి తల పట్టుకున్నాడు. "ఒక్క ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదండీ మల్లా గారూ. మనిషి ఉన్నాడో లేడో తెలిసిపోయేది" అన్నాడు.

"సావు కబురు ఫోన్ల అడుగుతరా సారు?" అన్నాడు మల్లా, ముత్యాలు వైపు చూస్తూ.

ఆ మాట మల్లాకు నేర్పింది ముత్యాలే.

అప్పటికే సందు చివర ఆటోలు ఆగుతున్నాయి. ఎవరూ ఫోన్ చేయలేదు. అందరూ బయలుదేరి వచ్చేశారు. రావిర్యాల నుంచి అనంతమ్మ పుట్టింటివాళ్లు, సామాను అద్దెకు తీసుకెళ్లే వంటవాళ్లు, దండలతో ఒకరు, డప్పులతో ఇద్దరు. వీర్రాజు సందు మలుపులో నిలబడి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు చెబుతున్నాడు. "ఉన్నారండి, ఉన్నారు. గడ్డం గీసుకుంటున్నారు. ఏడవకండి, లోపలికెళ్లి చూడండి." కొందరు నమ్మి నవ్వారు, కొందరు నమ్మలేక ఏడ్చారు. డప్పులవాళ్లు ఏం చేయాలో తోచక గోడకు ఆనుకుని బీడీ ముట్టించారు.

ఆ సందడిలో సందు చివర నుంచి ఒక శోకం వినిపించింది. "ఓ అన్నా, నేను రాకుంటిని గదనే అన్నా, మొకం జూడకుంటిని గదనే..." వీర్రాజు ఎదురెళ్లి చెప్పిన మాట ఆ ఏడుపులో కలిసిపోయింది. రేణుకమ్మ జుట్టు ముడి ఊడిపోయి, చేతిలో ఒక కొత్త తువ్వాల పట్టుకుని వస్తోంది. పోయినవాళ్ల మీద కప్పడానికి తోడబుట్టినవాళ్లు తెచ్చే బట్ట అది. వెనక పరశురాం తల వంచుకుని నడుస్తున్నాడు.

టెంటు కింద నిలబడ్డ అన్నను చూసి ఆమె ఆగిపోయింది. శోకం సగంలో తెగిపోయింది. దగ్గరికి వచ్చి ఆయన చెంప మీద ఎండిన సబ్బును వేలితో తాకింది.

"ఉన్నవా అన్న?"

"ఉన్న చెల్లె."

"నిజంగనే ఉన్నవా?"

"సూస్తున్నవ్ గద."

రేణుకమ్మ పిడికిలితో ఆయన భుజం మీద రెండు దెబ్బలు వేసి, అక్కడే మట్టిలో కూలబడింది. ముత్యాలు కూడా ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయన చేతిలో ఇంకా రేజరు ఉంది. అనంతమ్మ వచ్చి దాన్ని మెల్లగా తీసుకుంది.

సంతోషి మల్లా ఫోన్ తీసుకుని ఆ ఫొటోనే చూస్తోంది. తండ్రి తలకు రుమాలు చుట్టుకుని నవ్వుతున్న ఫొటో. ఆయన నవ్వే ఫొటోలు ఇంట్లో లేవు. ఎడమ భుజం మీద ఒక చెయ్యి ఉంది. ఆకుపచ్చ గాజుల చెయ్యి. ఆ చెయ్యి మనిషిని పక్క నుంచి కత్తిరించేశారు.

"అత్తా, జర ఇది జూడు" అని ఫోన్ ఆమె ముందు పెట్టింది.

రేణుకమ్మ కళ్లు తుడుచుకుని చూసింది. "ఇది నా చెయ్యి" అంది. "మా పిల్ల పెండ్లి నాడు దిగింది. అన్న నవ్వుత లేడని నేనే పక్కకు పోయి నవ్వించిన. గీ ఫొటో మా పరశురాం ఫోన్ల దప్ప ఎక్కడ లేదు గద." ఆమె మాట చివరికి వచ్చేసరికి నెమ్మదించింది. తిరిగి కొడుకు వైపు చూసింది.

పరశురాం ముఖంలో నెత్తురు లేదు. "నేను ఎవలకు పంపలే మామ. అమ్మతోడు."

"నువ్వు పంపలే. నాకెరుకే" అంది సంతోషి. "అకౌంటు ఇచ్చిన నాడు వాళ్లు నీ ఫోన్ల ఏమన్న ఎక్కించిన్రా?"

"అవ్ వదిన. ఏదో యాప్. అది లేకుంటే పని గాదన్నరు."

"దాంతోనే నీ ఫొటోలు, నంబర్లు అన్ని వాళ్ల చేతికి పోయినయ్. ఇయ్యాల గా కబురు ముందుగాల పోయింది నీ ఫోన్ల ఉన్నోళ్లకే. మొన్న నా ఫొటో అందినోళ్లు గూడ గాళ్లే."

రేణుకమ్మ లేచి నిలబడింది. "ఆగు. అకౌంటు ఇచ్చుడేంది? నువ్వు ఇయ్యలేదంటివి గద. బ్యాంకోళ్లే తప్పు జేసిన్రు, సంతోషి వదిన కావాల్నని రాసింది అంటివి గద."

ఆమె చెయ్యి ఎత్తింది. కొట్టలేదు. ఎత్తిన చేత్తోనే కొంగు తీసుకుని నోరు మూసుకుంది.

"తుర్కయాంజాల్ల ఒక అపార్ట్‌మెంట్ల రూమ్ ఉన్నది" అన్నాడు పరశురాం, నేల చూస్తూ. "నౌకరి అని పిలిచిన్రు. అకౌంటు ఇస్తే సాలన్నరు. పోలీసులొచ్చినంక చెప్దామనుకున్న. ఎవలకన్న చెప్తే మీ అవ్వ ఫొటో గూడ గట్లనే జేసి ఊరంత పంపుతమన్నరు. ఇప్పటికి ఫోన్ జేస్తరు వదిన. నిద్ర పడ్త లేదు నాకు."

రేణుకమ్మ మేనకోడలి దగ్గరికి వెళ్లింది. "నిన్ను తిట్టిన బిడ్డ. దినాం తిట్టిన. నల్లా కాడ తిట్టిన, పొలం కాడ తిట్టిన."

"నేను గూడ రాయకముందే నీ తానకి రావాల్సింది అత్తా. నీకు చెప్పి రాయాల్సింది. రాసినంక మొకం సూపెట్టలేకపోయిన."

ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడ్డారు. వీర్రాజు ముఖం అటు తిప్పుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు.

"నడువ్ వదిన, స్టేషన్‌కు పోదాం" అన్నాడు పరశురాం. "రూమ్ నేను సూపెడ్త. ఫోన్ గూడ ఇస్త. నువ్వు రాసుకుంటవో, నా పేరే పెడ్తవో, నీ ఇష్టం."

ఇన్నాళ్లూ సంతోషికి కావలసిన మాట అదే. ఆ దొంగలను చూసినవాడు, చూశానని చెప్పేవాడు ఒక్కడు దొరక్కనే మూడో భాగం బలహీనంగా ఉంది. ఆమె తండ్రి వైపు చూసింది.

"బాపుకు మాటిచ్చిన. మానేస్తనని" అంది.

అందరూ ముత్యాలు వైపు చూశారు. ఆయన లేచి లుంగీకి అంటిన మట్టి దులుపుకున్నాడు. టెంటు గుంజ పట్టుకుని, గుంత చాలినంత లోతు లేదన్నట్టు ఒకసారి ఊపి చూశాడు. వాకిట్లో దండలు, డప్పులు, సగం కట్టిన టెంటు, అంత జనం. అన్నీ తన కోసం వచ్చినవే.

"బిర్యానీలు పంపిండు. ఫొటోలు పంపిండు. ఇయ్యాల సావు గూడ పంపిండు" అన్నాడు. "అంతకు మించి వాని తాన పంపెటందుకు ఏమున్నది? గీ దినాలన్ని భయపడ్డది దీనికే గద. వచ్చింది, పోయింది. పో బిడ్డ, రాయి. జర పెద్దగనే రాయి."

సంతోషి చున్నీ కొసతో తండ్రి గడ్డం కింద మిగిలిన సబ్బు తుడిచింది. లోపలికి వెళ్లి సంచి తెచ్చుకుంది.

సంతోషి, పరశురాం స్టేషన్‌కు వెళ్లాక రేణుకమ్మ కొంగు బిగించింది. చావు ఇంటికని బయలుదేరినవాళ్లు తలస్నానం చేయకుండా తిరిగి పోకూడదంది, ఈ ఇంట్లో ఎవరూ పోలేదు కాబట్టి తినకుండా అసలే పోకూడదంది. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. షాపు నుంచి పెద్ద గంజులు వచ్చాయి. వాకిట్లో పొయ్యి పెట్టారు. పసుపు కలిపిన నీళ్లు ఒక్కొక్కరి తల మీద పోస్తుంటే, వచ్చిన వంటవాళ్లే వంటకు కూర్చున్నారు. మల్లా టెంటు విప్పబోతే ముత్యాలు ఆపాడు.

"కట్టినవ్ గద, ఉండనీ. గుంజ మాత్రం మంచిగ పాతు. వానొచ్చెటట్టున్నది."

"కిరాయి ఇస్తవా మరి?" అన్నాడు మల్లా.

"నేను సచ్చినప్పుడు తీసుకో."

ముత్యాలు తన తల మీద కూడా నీళ్లు పోయించుకున్నాడు. తుడుచుకోవడానికి చెయ్యి చాస్తే రేణుకమ్మ తెచ్చిన కొత్త తువ్వాల తగిలింది. ఆమె గుంజుకోబోయింది. "వద్దన్నా, అది పారేస్త."

"కొత్త బట్ట. పారేసుడెందుకు" అని ఆయన దాంతోనే తల తుడుచుకుని భుజం మీద వేసుకున్నాడు.

సంతోషి, పరశురాం తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. తుర్కయాంజాల్ రూములో ఇద్దరు దొరికారు. మిగతావాళ్ల కోసం వెతుకుతున్నారు. ఆ శ్రద్ధాంజలి తయారైన కంప్యూటరు అక్కడే ఉంది. సంతోషి స్టేషన్ బయట బల్ల మీద కూర్చునే మూడో భాగం రాసి పంపేసింది. ఈ మాటలు చెబుతుంటే అనంతమ్మ విని, "సేతులు కడుక్కోండ్రి" అని మాత్రమే అంది. వాళ్ల కోసం అందరూ తినకుండా కూర్చుని ఉన్నారు.

సన్నటి చినుకు మొదలైంది. టెంటు కింద రెండు వరసల్లో ఆకులు పడ్డాయి. అన్నం, పప్పు, బెండకాయ పులుసు. వీర్రాజు పైనుంచి పెరుగు గిన్నె తెచ్చి మల్లా పక్కన కూర్చున్నాడు. పరశురాం తన పాత అలవాటు ప్రకారం మామ పక్కన కూర్చున్నాడు. అరుగు మీద పెట్టిన సంతోషి ఫోన్ ఒకసారి మోగి ఆగింది. ఎవరూ అటు చూడలేదు.

రేణుకమ్మ వంగి అన్న ఆకులో పప్పు వేసింది. లేచేటప్పుడు ఆసరాకు ఆయన ఎడమ భుజం మీద చెయ్యి వేసింది. లేచాక కూడా తీయలేదు. ముత్యాలు తల ఎత్తలేదు. అన్నం కలుపుకుని తినసాగాడు. టెంటు గుడ్డ మీద చినుకుల చప్పుడు, ఆకుల మీద వేళ్ల చప్పుడు మాత్రమే ఉన్నాయి.